అగస్తీను తల్లి మోనికా

ప్రియ విద్యార్థులారా, మీలో గొందఱు తండ్రి కొఱకో, అన్న కొఱకో చాలకాలముగా ప్రార్థించుచున్నారని మే మెఱుగుదుము. ఎంత వేడినను జవాబు కానరాదని మాయొద్ద విచారించినవారును గలరు. అట్టివారి నిమిత్తమై యొక తల్లి చరిత్రమును సంక్షేపముగా వ్రాయుచున్నాము.

మోనికా సుమారు క్రీ. శ. 331వ సంవత్సరమున ఉత్తర ఆఫ్రికాలో జన్మించెను. ఆమె కాపురముండిన తగస్తే పట్టణము నేటి అల్జీరియా దేశములో నున్నది. భర్తయైన పత్రీకియుసు క్రైస్తవుడు కాడు, మిక్కిలి కోపిష్ఠి, భార్యయెడల నమ్మకముగా నుండినవాడును గాడు. అతడు కోపించినపుడు ఆమె యెదురాడక, ఆ కోపము చల్లారిన పిమ్మట నెమ్మదిగా మాటలాడెడిది. తుదకు అతడు మరణమునకు గొంతకాలము ముందు క్రీస్తును అంగీకరించెను.

వారి కుమారుడు అగస్తీను 354వ సంవత్సరము నవంబరు 13వ తేదీన జన్మించెను. అతడు గొప్ప బుద్ధిశాలి. అయినను కార్తేజీ నగరమున చదువుచు దారి తప్పి, మానీ యనువాని బోధను సుమారు తొమ్మిది సంవత్సరములు అనుసరించెను. తల్లి, చనిపోయిన బిడ్డకొఱ కేడ్చినట్లు అతనికొఱ కేడ్చెను. కుమారునితో వాదించి బుద్ధి చెప్పవలసినదని యొక బిషప్పును బతిమాలుకొనగా, ఆయన వాదమువలన ఫలము లేదనియు, ప్రార్థన మానవద్దనియు, ఇంత కన్నీటికి పాత్రుడైన కుమారుడు నశింపడనియు జెప్పి పంపెను.

383వ సంవత్సరమున అగస్తీను రోమునకు బోదలచెను. అతడు వెళ్లకుండునట్లు చేయుమని మోనికా దేవుని వేడుకొనెను. ఆమె సముద్రతీరమున నొక ప్రార్థనాలయమందు రాత్రియంతయు ప్రార్థించుచుండగా, కుమారు డామెను మోసగించి యోడ నెక్కి పోయెను. తెల్లవారిన పిమ్మట ఆమె దుఃఖమునకు మేర లేకపోయెను. అయితే ఆ ప్రయాణమే యతనిని రోమునుండి మిలాను నగరమునకు, అచ్చటి బిషప్పగు అంబ్రోసు ప్రసంగములయొద్దకు జేర్చెను. ఆ రాత్రి ఆమె యడిగినది దొరకలేదు. ఏండ్లుగా నడుగుచున్నది మాత్రము ఆ త్రోవనే వచ్చుచుండెను. 386వ సంవత్సరమున అతని మనస్సు మాఱెను. 387వ సంవత్సరము ఈస్టరు పండుగనాడు అతడును, అతని కుమారుడు అదెయోదాతును బాప్తిస్మము పొందిరి.

ఆ సంవత్సరమే వారు స్వదేశమునకు బోవుచు, రోము చెంతనున్న ఒస్తియా రేవులో నాగిరి. అచ్చట మోనికా జ్వరపడి, తొమ్మిదవ దినమున తన యేబదియాఱవ యేట ప్రభువునందు నిద్రించెను. భర్త ప్రక్కనే సమాధి చేయబడవలెనని ఆమెకు బూర్వము గొప్ప కోరిక యుండెను. ఇప్పు డా కోరికను విడిచి, దేవునికి దూరమైన స్థలమేదియు లేదనియు, ఎచ్చట పాతిపెట్టినను ఆయన లేపగలడనియు నిశ్చింతగా నుండెను. క్రైస్తవ నిరీక్షణ యనగా నిదియే.

బాలుడైన అదెయోదాతు బిగ్గరగా నేడ్వగా పెద్దలు ఊరకుండుమనిరి. అగస్తీనును దుఃఖము నణచుకొనెను. కాని తరువాత నేకాంతమున దేవునియెదుట తల్లికొఱ కేడ్చెను. నిరీక్షణ గలవారు ఏడ్వరాదని యెవరును మీతో జెప్పకుందురు గాక.

ప్రార్థించినవారందఱును తమ జీవితకాలముననే జవాబును చూతురని మేము చెప్పజాలము. మనకు దెలియకుండ కన్నుమూసినవారి హృదయములను గూర్చి తీర్పరులమును గాము. ఆ పని న్యాయాధిపతియగు దేవునిది. బ్రదికియున్నవారిని ప్రేమించుటయు, వారి పేరులను ఆయనయెదుట మఱువకుండుటయు మన పని.

1945వ సంవత్సరమున ఒస్తియాలో నొక దేవాలయము ప్రక్కను ఇద్దఱు బాలురు ఆటకొఱకు స్తంభము నాటుటకై గోయి త్రవ్వుచుండగా ఒక పాలరాతి ముక్క బయలుపడెను. అది మోనికా సమాధిశాసనములోని భాగము. పరదేశమున పాతిపెట్టబడిన ఆ తల్లిని లోకము మఱువలేదు, దేవుడును మఱువడు.