వరద, తాగునీరు, మురుగు: మూడింటికీ ఒకే లెక్క వేసిన విశ్వేశ్వరయ్య

మూసీకి వరద వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్‌లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు వినిపిస్తుంది. ఆనకట్టల ఇంజనీరుగా ఆయన అందరికీ తెలుసు. పట్టణాల మురుగు కాలువలు, తాగునీటి పనులతో ఆయనకున్న అనుబంధం మాత్రం అంతగా చర్చకు రాదు.

ఆయన 1861లో ఇప్పటి కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో పుట్టారు. పూర్వీకులది ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం. ఇంటిపేరుగా నిలిచింది ఆ ఊరే. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న విశ్వేశ్వరయ్య బెంగళూరు సెంట్రల్ కాలేజీలో బీఏ చేశారు. పుణెలో ఇంజనీరింగ్ పూర్తి చేసి, 1884లో బొంబాయి ప్రెసిడెన్సీ ప్రజాపనుల శాఖలో చేరారు.

డబ్బు లేని మున్సిపాలిటీకి మంచినీళ్లు ఎలా ఇవ్వాలన్న ప్రశ్న ఆయనకు సింధ్‌లోని సుక్కూర్‌లో ఎదురైంది. సింధు నది పక్కనే ఉన్నా నీళ్లు బురదమయం. వడపోత నిర్మాణాలు కట్టే స్థోమత మున్సిపాలిటీకి లేదు. దాంతో ఆయన నది గర్భంలోనే, ఒడ్డుకు దగ్గరగా బావి తవ్వించారు. ఇసుక పొరల గుండా ఊరిన నీరు అక్కడికి తేటగా చేరేది. నదీ గర్భంలోని ఇసుకే వడపోత పని చేసింది. 1895 నాటికి పని పూర్తయింది. తర్వాత ఆయన బొంబాయి ప్రెసిడెన్సీకి శానిటరీ ఇంజనీరయ్యారు. 1906లో ఏడెన్ రేవు పట్టణానికి వెళ్లి నీటి సరఫరా, మురుగు పారుదలపై సలహాలిచ్చారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఉద్యోగం విడిచి విదేశాల్లో పర్యటిస్తున్న విశ్వేశ్వరయ్యకు నిజాం ప్రభుత్వం కబురు పంపింది. 1909 ఏప్రిల్‌లో ఆయన పని మొదలుపెట్టారు. ప్రభుత్వం అప్పగించిన బాధ్యతలు మూడు: నగర పునర్నిర్మాణానికి సలహా, మళ్లీ వరద రాకుండా ప్రణాళిక, హైదరాబాద్, చాదర్‌ఘాట్‌లకు పూర్తి మురుగు పారుదల పథకం.

ఆయన దృష్టి నగరం దాటి పైకి వెళ్లింది. పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే, ఆ వానకు 221 తెగాయి. ఒకదాని నీరు మరొకదాని మీద పడి ప్రవాహం పెరిగింది. అందుకే గోడలు కట్టి సరిపెట్టుకోకుండా మూసీ, ఈసీలపై రెండు జలాశయాలు కట్టాలన్నారు. నగరంలో గట్లు ఎత్తు పెంచాలని, ఒడ్డున ఉద్యానవనాలు రావాలని, భూగర్భ మురుగు కాలువలు వేయాలని సూచించారు.

ఖర్చు నిజాం ఖజానాదే. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి పుట్టిన జలాశయాలే నగరానికి తాగునీరిచ్చాయి. అంటే ఒకే ఖర్చుతో రెండు అవసరాలు తీరాయి. మురుగు వంతు మాత్రం ఆలస్యమైంది. భూగర్భ వ్యవస్థ 1930ల్లో గానీ రూపుదాల్చలేదు. కంటికి కనిపించే ఆనకట్టకు దొరికినంత త్వరగా, మట్టి కింది గొట్టానికి డబ్బు దొరకలేదు.

నివేదిక ఇచ్చిన కొద్ది రోజులకే, 1909 నవంబర్‌లో ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లారు. 1912 నుంచి 1918 వరకు దివాన్‌గా పనిచేశారు. కృష్ణరాజసాగర్ ఆ కాలపు పనే. 1955లో భారతరత్న అందుకున్నారు. 1962లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు.

ఆయన ఒకే పథకంగా చూసిన పనులు ఇప్పుడు వేర్వేరు పద్దుల్లో ఉన్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాల గ్రాంట్లలో 60 శాతాన్ని కొన్ని పనులకే కేటాయించింది. అందులో సగం తాగునీరు, వాన నీటి సంరక్షణకు, సగం పారిశుద్ధ్యానికి. వరద కాలువల ఊసు ఈ పద్దుల్లో విడిగా లేదు. తెలుగు పట్టణాలతో పాటు, రైల్వే కొలువులతో వెళ్లిన తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వంటి చోట్లా ఇదే పరిస్థితి. పట్టణ శివారు ఉస్లాపూర్‌లో పడిన వాన, వీధుల్లోని మురుగు, అర్పా నది నీటి నాణ్యత నేల మీద ఒకదానితో ఒకటి ముడిపడినవే. కాగితాల మీద మాత్రం విడివిడి పథకాలు.

హైదరాబాద్‌లోనూ 2020 అక్టోబర్ వరదల తర్వాతే నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను నియంత్రించిన 1996 నాటి 111 జీవోను సడలిస్తూ 2022లో ఉత్తర్వులు వచ్చాయి. నాలాలకు నిధులు పెంచుతూ ఎగువన నీటి దారులను వదిలేస్తే, 1909లో విశ్వేశ్వరయ్య వేసిన లెక్క తప్పుతుంది. ఆ తేడాను చివరికి కట్టేది లోతట్టు బస్తీల జనమే.