వణికిన గొంతు

రాజ్‌కోట హైస్కూల్లో బడి గంట కొట్టగానే ఒక పిల్లవాడు ఇంటికి పరుగెత్తేవాడు. ఎవరైనా మాట కలిపి ఎగతాళి చేస్తారేమోనని భయం. 1888లో పైచదువుకు ఇంగ్లండు బయలుదేరే ముందు ఆ బడివారే వీడ్కోలు సభ పెట్టారు. కృతజ్ఞతగా నాలుగు మాటలు రాసుకుని వెళ్లాడు. చదవబోతే తల తిరిగింది, ఒళ్లంతా వణికింది. ఆ విద్యార్థి మోహన్‌దాస్ గాంధీ.

లండనులో శాకాహార సంఘం కార్యవర్గంలో చేరినా సమావేశాల్లో నోరు మెదిపేవారు కాదు. ఒక సభ్యుణ్ణి తొలగించడం అన్యాయమని తోచి తన అభిప్రాయం కాగితం మీద పెట్టారు. దాన్నీ ఇంకొకరే చదవాల్సి వచ్చింది. బారిస్టరై తిరిగొచ్చాక బొంబాయి కోర్టులో తొలి కేసుకు లేచి నిలబడ్డారు. సాక్షిని ఒక్క ప్రశ్న కూడా అడగలేక కూర్చుండిపోయారు. 30 రూపాయల ఫీజు వాపసు ఇచ్చేశారు.

1893లో దక్షిణాఫ్రికా వెళ్లాక, ప్రిటోరియాలోని భారతీయులను ఒకచోట కూర్చి వ్యాపారంలో సత్యం గురించి మాట్లాడారు. తన జీవితంలో మొదటి ప్రసంగం అదేనని తర్వాత రాసుకున్నారు. అక్కడ ఆయనకు నేర్పుగా మాట్లాడాలన్న తాపత్రయం లేదు. తోటివారి అవమానం తన అవమానంగా తోచింది, అదే మాటై వచ్చింది.

అంతటితో భయం పోయిందనుకుంటే పొరపాటు. 1896లో బొంబాయిలో పెద్ద సభ జరిగింది. ఫిరోజ్‌షా మెహతా గట్టిగా చదవమని ప్రోత్సహించినకొద్దీ గాంధీజీ గొంతు మరింత తగ్గిపోయింది. చివరికి ఆ ప్రసంగాన్ని దిన్‌షా వాచా చదివారు. అయినా ఆయన సభలు మానలేదు. బిడియం వల్లే మాటను పొదుపుగా వాడటం అలవడిందని గుర్తించారు.

1922లో చౌరీచౌరా హింస తర్వాత ఉద్యమాన్ని ఆపి, 5 రోజులు ఉపవాసం చేశారు. మార్చి 18న అహ్మదాబాదులో విచారణ జరిగింది. అక్కడ ఆయన తప్పించుకునే వాదన చేయలేదు. జరిగిన హింసలో తన బాధ్యతను ఒప్పుకున్నారు, ప్రభుత్వాన్ని ఎందుకు ధిక్కరించారో చెప్పారు, చట్టం విధించగల అత్యధిక శిక్షే వేయమన్నారు. 6 సంవత్సరాల జైలుశిక్ష పడింది. ఒకనాడు ప్రశ్న అడగలేక కోర్టు విడిచివెళ్లిన మనిషి, ఈనాడు ముద్దాయిగా నిలబడి తన మనసును దాపరికం లేకుండా విప్పారు.

మన తరగతుల్లోనూ వెనక బెంచీలో తలవంచుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరు ఈ స్వర్ణోత్సవ వేదికమీద మైకు పట్టుకోవచ్చు, రెండు మాటలకే గొంతు పూడుకుపోవచ్చు. తొందరపెట్టకుండా ఆగి విందాం. ఇప్పుడు పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులకూ ఇదే మనవి: వక్తృత్వ పోటీలో మధ్యలో ఆగిపోయిన పిల్లవాడికి చెప్పవలసిన మాట లేదని తేల్చేయకండి.