గాంధీజీ గడియారం

1869 అక్టోబరు 2న పోర్‌బందర్‌లో జన్మించిన మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ సొంత వస్తువులను ఒక్కొక్కటిగా త్యజించినా, గడియారాన్ని మాత్రం విడువలేదు. కార్మిక సంఘం గుర్తింపు వివాదం పరిష్కారానికై 1925 ఆగస్టులో ఆయన జంషెడ్‌పూర్ వచ్చారు. నేడు తెలుగువారూ నివసిస్తున్న గోల్‌మురి ఆ ఉక్కు నగరంలోనిదే. అక్కడి కార్మికులకు కర్మాగారపు పనివేళలే కాలమానం. గాంధీజీ దినచర్యకు నడుమున వేలాడే జేబు గడియారమే ఆధారం.

ఇందిర కానుకగా ఇచ్చిన జెనిత్ గడియారంలో అలారం ఉండేది. 1947లో కాన్పూరు రైల్వేస్టేషనులో దానిని దొంగిలించిన వ్యక్తి, కొన్ని నెలల తరువాత తిరిగి తెచ్చి క్షమాపణ కోరాడు.

1948 జనవరి 30న సర్దార్ పటేల్‌తో చర్చ సాగడంతో సాయంకాల ప్రార్థనకు ఆలస్యమైంది. అందుకు నొచ్చుకుంటూ వడివడిగా వెళ్లిన గాంధీజీ, ప్రార్థనా స్థలంలో హత్యకు గురయ్యారు.

స్మార్ట్‌వాచ్ అడుగులను, గుండె వేగాన్ని లెక్కిస్తుంది. తరచూ ఛార్జింగ్ కోరుతుంది. యాంత్రిక గడియారం చుట్టిన స్ప్రింగు బలంతోనే నడుస్తుంది. ఈ రెంటిలో ఏది మేలన్న ప్రశ్నకు గాంధీజీ జీవితం చూపే కొలమానం అవసరమే. ఏ గడియారమైనా గుర్తుచేయగలిగేది వేళను మాత్రమే. దానిని పాటించవలసింది మనిషే.