జాన్ స్టూవర్టు మిల్

మూడేండ్ల పసివాడు గ్రీకు భాష నేర్చుకొనుచుండెనన్న వినువారికి వింతగా నుండును. జాన్ స్టూవర్టు మిల్ బాల్యము అట్టిదే. ఆయన 1806వ సంవత్సరము మే 20వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జేమ్సు మిల్ స్కాట్లండు దేశీయుడు. భారతదేశమును కన్నులార చూడకయే ఆ దేశ చరిత్రమును వ్రాసి పేరు గడించినవాడు. తొమ్మండుగురు సంతానములో జాన్ జ్యేష్ఠుడు.

తండ్రి అతనిని పాఠశాలకు పంపలేదు. తాను గ్రంథరచన చేయు బల్లయొద్దనే కూర్చుండబెట్టుకొని స్వయముగా చదువు చెప్పెను. ఆ కాలపు గ్రీకు నిఘంటువులలో అర్థములు లాటిను భాషలో నుండెడివి. బాలునకు ఇంకను లాటిను రాదు. అందుచే తెలియని ప్రతి పదమునకును తండ్రినే అడుగవలసి వచ్చెడిది. ఓర్పు తక్కువ యైన ఆ తండ్రి మాటిమాటికి కలము నిలిపి అర్థము చెప్పుచుండెను. ఎనిమిదవ యేట లాటిను ప్రారంభమయ్యెను. నేర్చినదెల్ల తమ్ములకును చెల్లెండ్రకును బోధించు పనియు మీద పడెను. ఆటలు లేవు, తోడి బాలురు లేరు.

ఈ కఠినశిక్షణ కొక ఉద్దేశము కలదు. జేమ్సు మిల్లునకు బెంథాము అను తత్త్వవేత్త మిత్రుడు, గురుప్రాయుడు. ఎక్కువమందికి ఎక్కువ సుఖము చేకూర్చునదే మంచి శాసనమని బెంథాము సిద్ధాంతము. ప్రభువులును మతాధికారులును తమ హద్దులలో నుండవలెను. ప్రజలు తమ ప్రతినిధుల నెన్నుకొనవలెను. వర్తకమునకు ఆటంకములు తొలగవలెను. ఆ నాటి ఉదారవాదము స్థూలముగా ఇదియే. దానిని లోకమున వ్యాపింపజేయు సాధనముగా పెద్దలిరువురును బాలుని తీర్చిదిద్దిరి.

పదునేడేండ్లు నిండగనే, 1823లో, మిల్ తండ్రి క్రిందనే ఈస్టిండియా కంపెనీ కార్యాలయమున గుమాస్తాగా చేరెను. తీరిక వేళల పత్రికలకు వ్రాయుచు, సభలలో వాదించుచు నుండెను. 1826లో, ఇరువదేండ్ల వయసున, ఆయనకు పెద్ద సంకటము సంభవించెను. తాను కోరిన సంస్కరణములన్నియు ఈ క్షణముననే నెరవేరినచో తనకు ఆనందము కలుగునా యని తన్ను తాను ప్రశ్నించుకొనెను. కలుగదని మనస్సు సమాధానము చెప్పెను. అంతటితో జీవితమునకు ఆధారము కూలినట్లయ్యెను. నెలలకొలది ఆ దుఃఖమును ఎవ్వరికిని చెప్పుకొనలేక యంత్రమువలె పని చేసెను. ఒకనాడు తండ్రిని గోల్పోయిన యొక బాలుని కథ చదువుచుండగా కన్నీరు కారెను. తన హృదయము ఎండిపోలేదని అప్పుడు తెలిసికొని కొంత ఊరట చెందెను. పిమ్మట వర్డ్సువర్తు కవి గీతములు ఆయనకు ఔషధమువలె పనిచేసెను. సుఖమును లెక్కించుట మాత్రమే చాలదు, మనుష్యుడు తనంత తాను వికసింపవలెను అను భావము నాటినుండి ఆయన రచనలలో వేరూనెను.

1835లో జరిగిన యొక సంగతి ఆయన స్వభావమును తెలుపును. కార్లైలు తాను వ్రాసిన ఫ్రెంచి విప్లవ చరిత్రము మొదటి సంపుటపు వ్రాతప్రతిని మిల్లునకు చదువనిచ్చెను. దాసి యొకతె చిత్తు కాగితములనుకొని దానిని నిప్పులో వేసెను. వేరు ప్రతి లేదు. మిల్ పాలిపోయిన మొగముతో స్వయముగా వెళ్లి జరిగినది చెప్పెను; నష్టపరిహారముగా ధనము నిచ్చెను. కార్లైలు అందు 100 పౌనులు మాత్రము స్వీకరించి, ఆ సంపుటమును మొదటినుండి తిరిగి వ్రాసెను.

ఆ కాలమున ఇంగ్లండులో వివాహిత యైన స్త్రీ ఆస్తి భర్త వశమగుచుండెను. 1851లో మిల్, విదుషీమణి యైన హారియెట్ టేలరును వివాహమాడునపుడు, చట్టము తన కొసగిన అట్టి హక్కులను తాను కోరనని లిఖితపూర్వకముగా ప్రకటించెను. స్వేచ్ఛను గూర్చిన గ్రంథమును ఆ దంపతులు కలసి పలుమారులు దిద్దిరి. 1858లో ఆమె ఫ్రాన్సు దేశమందలి అవిన్యోను పట్టణమున మరణించెను. మరుసటి యేట ఆ గ్రంథమును మిల్ ఆమెకే అంకితముగా ప్రకటించెను. రాజుల నిరంకుశత్వమే కాదు, పదిమంది అభిప్రాయము ఒక్కనిపై మోపు ఒత్తిడియు నిరంకుశత్వమే యని అందు వాదించెను. ఇతరులకు హాని చేయనంతవరకు ఎవని బ్రతుకు వాని ఇష్టము. ఒక అభిప్రాయము తప్పని తోచినను దానిని నోరెత్తనీయకుండుట అందరికిని నష్టము. అయితే ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండవలెనని ఆయన చెప్పలేదు. ప్రతి బిడ్డకును చదువు చెప్పించునట్లు తల్లిదండ్రులను నిర్బంధింపవలె ననెను. కార్మికులు తామే యజమానులై నడుపుకొను సహకార సంఘములను మెచ్చుకొనెను. పాత ఉదారవాదము క్రొత్తదారి పట్టుటకు ఇట్లు ఆయన కారకుడయ్యెను.

భారతీయులు మరువరాని సంగతి యొకటి కలదు. మిల్ 35 సంవత్సరములు కంపెనీ కొలువులో నుండెను. దేశీయ సంస్థానములను గూర్చి ఇచ్చటి అధికారులకు పంపు ఉత్తరువులు పెక్కు ఆయన చేతిమీదుగనే సిద్ధమయ్యెను. సంస్కృతము, అరబ్బీ మొదలగు విద్యలకు ప్రభుత్వ సహాయము మానరాదని 1836లో ఒక లేఖను సిద్ధపరచెను. పై అధికారి దానిని త్రోసిపుచ్చెను. ఇంత మేలు తలచినవాడే, స్వేచ్ఛాసిద్ధాంతము పరిణతి చెందిన జాతులకే వర్తించునని వ్రాసి, భారతదేశమునకు ఇంకను పరపాలనయే తగునని తలచెను. ఒక్కని నోరు మూయుటయు తప్పన్న మహాశయునకు కోట్లకొలది జనుల మౌనము వినబడకుండుట విచారకరము. ఆయన వాదములనే మన జాతీయవాదులు పిమ్మట ఆంగ్ల ప్రభుత్వముమీదికి త్రిప్పిరి.

1865లో వెస్టుమినిస్టరు ప్రజలు ఆయనను పార్లమెంటునకు నిలువుమని కోరిరి. ఓట్లకొరకు ధనము వెచ్చింపనని ఆయన ముందే చెప్పెను. కార్మికుల సభలో ఒకడు లేచి, కార్మికులు సామాన్యముగా అబద్ధములాడుదురని మీరు వ్రాసితిరా యని యడిగెను. వ్రాసితినని మిల్ తడుముకొనక యుత్తరమిచ్చెను. కోపింతురనుకొన్న ఆ జనమే కరతాళధ్వనులు చేసెను. ఆయన గెలిచెను.

1867లో ఓటు హక్కు బిల్లు చర్చకు వచ్చినపుడు, అందు పురుషుడు అను పదమునకు మారుగా వ్యక్తి అను పదమును చేర్పవలెనని ఆయన ప్రతిపాదించెను. ఆ ఒక్క మాట మారినచో స్త్రీలకును ఓటు లభించెడిది. ఆ దినము మే 20, ఆయన జన్మదినమే. అనుకూలముగా 73 ఓట్లు, ప్రతికూలముగా 196 ఓట్లు వచ్చెను. మరుసటి యేడు జరిగిన యెన్నికలో ఆయన ఓడిపోయెను. 1869లో స్త్రీల పరాధీనతను గూర్చి గ్రంథము ప్రకటించెను.

భార్య సమాధికి సమీపమున అవిన్యోనులో ఆయన ఒక యిల్లు కొని, ఏటేట కొంతకాలము అచ్చటనే గడపుచుండెను. 1873వ సంవత్సరము మే 7వ తేదీన ఆ యింటనే కన్నుమూసెను. ఆమె ప్రక్కనే ఆయనను సమాధి చేసిరి. ఇంగ్లండులో స్త్రీలకు పురుషులతో సమానముగా ఓటు హక్కు లభించినది 1928లో.