ఋతువుల వెంట నడచిన చిత్రకారుడు

కాలము ఎవని కొఱకును నిలువదు. నిలువని ఆ కాలమును రంగులలో నిలుపగోరి జీవితమును ధారవోసినవాడు ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు క్లాడ్ మోనే.

ఆయన 1840 నవంబరు 14వ తేదీన పారిస్ నగరమున జన్మించి, లె హావ్ర్ రేవుపట్టణమున పెరిగెను. బాల్యమున ఊరివారి హాస్యచిత్రములు గీచి అమ్ముకొనుచున్న ఆ బాలుని యూజీన్ బూదాన్ అను చిత్రకారుడు ఆరుబయటికి కొనిపోయి, ఆకసమును సముద్రమును ఎదుట నుంచుకొని చిత్రించుట నేర్పెను. నాటి నుండి ఆరుబయలే ఆయనకు చిత్రశాల.

యౌవనమంతయు దారిద్ర్యము వెన్నాడెను. 1879లో భార్య కమిల్ మరణించెను. ఆ శీతకాలమున సేన్ నది గడ్డకట్టి, 1880 జనవరిలో మంచుపెళ్లలు పగిలి కొట్టుకొనిపోవుచుండగా, దుఃఖమును దిగమింగి గట్టున నిలిచి ఆ దృశ్యమును చిత్రించెను.

1883లో జివెర్నీ గ్రామమున స్థిరపడెను. 1889లో క్రూజ్ నదీలోయలో ఆకురాలిన ఓక్ చెట్టు నొకదానిని చిత్రించుచుండగా, వానలచే పని సాగక, ఇంతలో వసంతము వచ్చి చెట్టు చిగిర్చెను. ఆయన సొమ్మిచ్చి ఆకులన్నియు దూయించి, శీతకాలపు చిత్రమును ముగించెను!

1890లో కోతలైన పిమ్మట ఇంటి చేరువ చేలలో గోధుమ కుప్పలు వేయబడెను. రైతులకు అవి నూర్పిడికై వేచియున్న పంట. మోనేకు అవి ఉదయమున బంగారము, సంధ్యవేళ నిప్పుకణిక, మంచునాడు నీలినీడ. వెలుగు మాఱినంతనే చేతిలోని పటమును విడిచి, ఆ వెలుగునకు తగిన వేఱొక పటమును అందుకొనుచుండెను. తరువాతి కాలమున ఆయనకు కోడలైన బ్లాన్ష్ ఆ పటములను మోసికొనివచ్చి అందించుచుండెను. 1891 మే నెలలో ఆ కుప్పల చిత్రములు పదునైదు పారిస్‌లో ప్రదర్శింపబడి, మిక్కిలి ఆదరము పొందెను.

ఆ యేడే ఎప్ట్ నదీతీరమున ఆయన చిత్రించుచున్న పాప్లరు చెట్లు వేలమునకు వచ్చెను. కలప వర్తకునితో ఒప్పందము చేసికొని, తనవంతు సొమ్ము చెల్లించి, చిత్రములు ముగియువఱకు గొడ్డలిని ఆపించెను.

వార్ధక్యమున కన్నులకు శుక్లములు క్రమ్మి, రంగుల భేదమే తెలియకుండెను. 1923లో శస్త్రచికిత్స చేయించుకొని, తన కొలనులోని కలువలను మరల చిత్రింపసాగెను. 1926 డిసెంబరు 5న, ఎనుబది యాఱేండ్ల వయస్సున, పరమపదించెను. జాతికి ఆయన సమర్పించిన కలువల చిత్రములు 1927లో పారిస్‌లోని ఒరాంజెరీ భవనమున నెలకొల్పబడెను.

కుప్పలు నూర్పిడికి పోయెను. చెట్లు గొడ్డలికి ఒఱగెను. మంచు కరగి సముద్రమున కలిసెను. ఆయన చూచిన వెలుగు మాత్రము పటములపై నిలిచి యున్నది.