విశాఖ వాకిలి గాచిన కృష్ణన్

కంటికి గానవచ్చు శత్రువును బలముచే నిలువరింపవచ్చును. నీటిలో దాగిన శత్రువును బుద్ధిచేతనే పట్టవలయును. దుర్యోధనుడు జలస్తంభన విద్యచే మడుగున దాగిన కథ, హరికథలు విన్న మన పల్లెవారి కెల్లర కెఱుకయే. ఇరువదవ శతాబ్దమున ఆ విద్య జలాంతర్గాముల కబ్బినది. అట్టి యొక జలాంతర్గామి 1971లో విశాఖపట్టణపు వాకిట పొంచి యుండగా, ఆ వాకిలిని గాచినవాడు వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్.

మిరపకల్లములలో తిరుగు మనకు ఈ కథ దూరమని తలపవలదు. మోటుపల్లి రేవునకు వచ్చు నోడవర్తకులకు అభయమొసగుచు కాకతీయ గణపతిదేవుడు 1244లో శాసనము వేయించినది మన సీమయందే. సముద్రపు త్రోవకు కాపు లేనిచో ఒడ్డున నెంత పండినను ఫలము లేదని ఆ ప్రభు వెఱిగెను.

కృష్ణన్ 1919లో నాగర్‌కోయిల్ నందు జన్మించెను. యౌవనమున నాటి రాయల్ ఇండియన్ నేవీలో చేరెను. రెండవ ప్రపంచ యుద్ధమున, 1941లో ఇరాన్ దేశపు బందర్ షాపూర్ రేవును పట్టుకొన్నపుడు చూపిన సాహసమునకు డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అను పతకము నందెను. స్వాతంత్ర్యానంతరము ఒక్కొక్క మెట్టే యెక్కి, 1971 యుద్ధము నాటికి విశాఖ కేంద్రముగా గల తూర్పు నౌకాదళమునకు అధిపతి యయ్యెను.

తూర్పు బెంగాలు రేవులను సముద్రముపై దిగ్బంధించుట ఆయనపై బడిన కార్యము. అందులకు ఆధారము విమానవాహక నౌక విక్రాంత్. దాని బాయిలరులలో నొకటి పగులువాఱి యుండుటచే నది పూర్తి వేగమున పోజాలదు. వేగము తగ్గిన పెద్ద నౌక జలాంతర్గామికి సులభమైన గుఱి. పాకిస్తాను కడ ఘాజీ యను జలాంతర్గామి యుండెను. అది అమెరికాలో నిర్మింపబడి, 1964లో ఆ దేశమునకు అద్దెపై వచ్చినది. వారి జలాంతర్గాములలో కరాచీనుండి బంగాళాఖాతము వఱకు రాగల దూరశక్తి దానికొక్కదానికే కలదు. 1971 నవంబరు 14న నది కరాచీ విడిచెను. అది వెదకుచున్నది విక్రాంత్‌నే.

ఇఱుకైన జలసంధి యైనచో మూయవచ్చును. మొదటి ప్రపంచ యుద్ధమున ఆంగ్లేయులు డోవర్ జలసంధిలో లోతున మందుపాతరలు దించి, రాత్రులందు నీటిపై దీపములు వెలిగించిరి. ఆ వెలుగునకు జడిసి మునిగిన జర్మను జలాంతర్గామి పాతరల పాలగును. అవధి గానరాని బంగాళాఖాతమున కెవడు అడ్డు కట్టగలడు? కృష్ణన్ సముద్రమును మూయ యత్నింపలేదు; శత్రువు చూపును త్రిప్పెను.

విక్రాంత్‌ను అండమాను దీవులకు పంపి దాచెను. అది విశాఖ చెంతనే యున్నదన్న భ్రమను పుట్టించెను. విశాఖలోని గుత్తదారుల కడ పెద్దనౌకకు సరిపడు మాంసము, కూరగాయలు కావలయునని చెప్పించెను. రాజ్‌పుత్ అను పాత యుద్ధనౌకను విశాఖకు నూటయఱువది మైళ్ల దూరమునకు పంపి, విక్రాంత్ పేర వైర్‌లెస్ వార్తలు పంపించెను. విక్రాంత్‌పై నున్న నావికు డొకడు జబ్బుపడిన తన తల్లి క్షేమ మడిగినట్లు కూడ ఒక వార్త కల్పింపబడెను.

ఇది కపటము కాదా యని ధర్మపరు లడుగవచ్చును. అశ్వత్థామ మృతిని గూర్చి ధర్మరాజాడిన మాట, తన్ను నమ్మిన గురువును గూల్చెను. ఇచ్చట నమ్మినవా డెవడును మోసపోలేదు. చాటున చెవియొగ్గిన వాడు మోసపోయెను. అయినను ఇందొక వెల కలదు. విక్రాంత్‌ను గాచుటకై కృష్ణన్ పగవానిని తన గుమ్మముకడకే పిలిచికొనెను. రేవుకాలువలో నొక్క యోడ మునిగినను త్రోవ మూతపడును. ఆ బరువును తెలిసియే మోసెను.

డిసెంబరు 3 రాత్రి రాజ్‌పుత్ విశాఖ రేవు వెడలెను. దాని నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. కాలువ దాటిన పిమ్మట ముందు నీటియందు కలకదేఱిన చిహ్నము గానవచ్చెను. అచ్చట నీటిలో పేలు గుండ్లు రెంటిని జారవిడిచిరి. అర్ధరాత్రి దాటిన కొలది సేపటికి గొప్ప ప్రేలుడు వినబడి, తీరమందలి యిండ్ల కిటికీలు అదరెను. దుర్యోధనుని జాడను బోయలు భీమునికి చెప్పినట్లు, ఇచ్చట జాలరులు నీట తేలిన శకలములను దెచ్చి యిచ్చిరి. గజయీతగాండ్రు దిగి ఘాజీయే యని నిర్ధారించిరి. డిసెంబరు 9న ఆ వార్త లోకమునకు తెలుపబడెను.

అది రాజ్‌పుత్ గుండ్లచే కూలెనని మనవారును, తాను వేయు మందుపాతరలు పేలి నశించెనని పాకిస్తానువారును చెప్పుదురు. పద్దులు వ్రాయుటయే వృత్తిగా గల నా కిట్లు తోచును: ఆ రెండు లెక్కలలో నేది నిజమైనను, ఘాజీ విక్రాంత్ లేనిచోట వెదకుచు మడిసెను. ఆ పద్దు కృష్ణన్‌దే. అందు తొంబది మందికి పైగా నావికులు జలసమాధి యైరి. వారును తల్లుల బిడ్డలే. గెలుపు వ్రాసినచోట ఆ వ్యయమును వ్రాయక విడుచుట తగదు.

డిసెంబరు 4న విక్రాంత్ విమానములు కాక్స్ బజారు, చిట్టగాంగు రేవులపై దాడి సలిపెను. సముద్రద్వారము మూతపడెను. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సైన్యము లొంగినపుడు కృష్ణన్ ఆ సభయందుండెను. 1972లో ఆయనకు పద్మభూషణ బిరుదము లభించెను. పదవీ విరమణానంతరము కొచ్చిన్ నౌకా నిర్మాణశాలకు అధిపతిగా పనిచేసి, 1982లో పరమపదించెను.

విశాఖ తీరమున విజయస్మారక మున్నది. పోయినవారు దానియెదుట నొకింత నిలిచి, అవ్వలి నీటివంకకూడ చూచిరండు. పాత నౌకయు, కొన్ని సరకుల పట్టీలును, జాలరుల చూపును కలిసి ఆ వాకిలి గాచినవి. ఉన్న కొలదిపాటి సాధనముతో నెఱిగి పనిచేయుటయే ఆయన జీవితము మనకు వదలిన శేషము.