పిట్టల సాలిం అలీ, పంజరంలో మిఠ్ఠూ

సాలిం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం పెంచారు.

చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో పిచ్చుకలు కొట్టడం ఆయన సరదా. ఒకరోజు పడ్డ పిచ్చుకకు మెడ మీద పసుపు మచ్చ కనిపించింది. ఇలాంటి పిట్ట తినడం హలాలేనా అని అనుమానం వచ్చి మామ దగ్గరికి పరుగెత్తారు. ఆయనకూ తెలియక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొర ఆ పిట్ట ఏదో చెప్పి, అరలు తెరిచి వందల పక్షుల నమూనాలు చూపించారు. ఆ కుర్రాడి దారి అక్కడే మళ్లింది.

బర్మాలో గనులు, కలప వ్యాపారం చూసుకున్నారు, కలిసిరాలేదు. వాణిజ్య చట్టం, అకౌంట్లు కూడా చదివారు గానీ మనసు లెడ్జర్ మీద నిలవలేదు. 1930లో కిహిం ఊళ్లో నెలల తరబడి గిజిగాళ్లను చూస్తూ కూర్చున్నారు. మగ పిట్ట ఒకటి కాదు, చాలా గూళ్లు అల్లుతుందని, ఒక్కో గూటికి ఒక్కో ఆడ పిట్ట వస్తుందని పట్టుకున్నారు. మన తాటిచెట్లకు వేలాడే ఆ గూళ్లను రోజూ చూసే మనకు ఎవరికైనా తట్టిందా?

తర్వాత నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. భార్య తెహ్మీనా కూడా అడవుల్లో వెంట తిరిగారు. 1939లో ఆమె పోయాక ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1941లో వచ్చిన ఆయన భారతీయ పక్షుల పుస్తకం ఈనాటికీ చదువుతున్నారు. పరిశోధన కోసం తుపాకీ కూడా వాడారు, అది దాచాల్సిన సంగతి కాదు. చిలుకలను కూడా వెనకేసుకు రాలేదు. పైర్లను, పండ్లను కొరికి పారేసే నష్టం గురించి రాశారు. గూడూరు, బందరు వైపు వరి రైతులను అడిగితే అదే చెబుతారు. కానీ నష్టం చేసే పక్షి అని చెప్పడం వేరు, గూట్లోంచి పిల్లను లాక్కొచ్చి రెక్కలు కత్తిరించడం వేరు.

మన ఇళ్లల్లో మిఠ్ఠూ అంటే ముద్దు. అది ఎక్కువగా తాటి మానుల తొర్రల్లోంచి తీసిన పిల్లే. దారిలో ఎన్నో చనిపోతాయి. భుజం మీద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలుక ఇప్పటికే ప్రపంచవ్యాప్తంగా తగ్గుముఖం పట్టిన జాతుల లెక్కలో ఉంది.

భరత్‌పూర్ కొలను, సైలెంట్ వ్యాలీ అడవి నిలవడంలో సాలిం అలీ మాట పనిచేసింది. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది, 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1987 జూన్ 20న కన్నుమూశారు.

తర్వాత 1990-91లో దేశీ పక్షుల వ్యాపారాన్ని ప్రభుత్వం పూర్తిగా నిషేధించింది. ఇప్పుడు రామచిలుకను పట్టినా, అమ్మినా, పంజరంలో పెంచినా వన్యప్రాణి చట్టం కింద నేరం. ఇంట్లో ఇప్పటికే ఉంటే వదిలేద్దామని తలుపు తీయొద్దు. పంజరంలో పెరిగిన చిలుక కాకులకు, పిల్లులకు చిక్కుతుంది. అటవీ శాఖ వాళ్లకు అప్పగించాలి.